పద్దులో ఎక్కని ట్యాంకు: ఇంట్లో బాగుచేసుకున్న పద్మినితో నాలుగేళ్లు

1986 మోడల్ ప్రీమియర్ పద్మిని కారును ఇంటి వెనుక రేకుల షెడ్డులో సొంతంగా బాగుచేసుకుని నాలుగేళ్లయింది. దాని అందం, స్టీరింగ్ పక్కన ఉండే గేరు గురించి తెలియనివారు లేరు కనుక అవి వదిలేస్తున్నాను. నా గోడంతా పెట్రోలు ట్యాంకు గురించే.

పని మొదలుపెట్టే ముందు లావుపాటి నోటుబుక్కు కొన్నాను. ఇంజను, బ్రేకులు, వైరింగు, తుప్పు తిన్న ఫ్లోరు, పెయింటు, ఒక్కోదానికి ఎన్ని రోజులు, ఎంత ఖర్చు అని గీతలు గీసి రాసుకున్నాను. విప్పిన ప్రతి బోల్టునూ హార్లిక్స్ సీసాల్లో వేసి చీటీ అంటించాను. సామాను కోసం పొద్దున రైలెక్కి చెన్నై వెళ్లి, పుదుపేట సందులన్నీ తిరిగి రాత్రికి తిరుపతి చేరేవాణ్ని. యాభై ఏళ్లు నిండితేగాని వింటేజ్ కింద నమోదు చేయరని, అందాకా అయిదేళ్లకోసారి ఆర్‌సీ రెన్యువల్ తప్పదని కూడా రాసుకున్నాను. అన్నీ రాసుకున్న ఆ పుస్తకంలో ట్యాంకు పేరు మాత్రం లేదు. బయటికి శుభ్రంగానే కనిపించింది. అంతకుముందు పదకొండేళ్లు బండి సగం ఖాళీ ట్యాంకుతో నిలబడి ఉందని, ఆ ఖాళీలో తేమ చేరి లోపలి రేకును తినేసి ఉంటుందని నాకు తట్టలేదు.

రెండో వేసవిలో పలమనేరులో పెళ్లి. చిత్తూరు దాటి మొగిలి ఘాట్ ఎక్కుతుండగా బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. మే నెల, మిట్టమధ్యాహ్నం. వెనుక సీట్లో పట్టుచీరలు, ముందు సీట్లో మా బావ. ‘వేపర్ లాక్ బావా, పంపు వేడెక్కి పెట్రోలు ఆవిరైపోయింది’ అని తేల్చేసి, టవలు తడిపి పెట్రోలు పంపుకు చుట్టాడు. పది నిమిషాలు ఆగి తాళం తిప్పితే బండి లేచింది. బావ ముఖం వెలిగిపోయింది. రెండు కిలోమీటర్లు వెళ్లాక మళ్లీ అదే తంతు. అలా నాలుగుసార్లు ఆగి, ముహూర్తం దాటాక భోజనాల వేళకు చేరాము.

మరునాడు అక్కడి ముసలి మెకానిక్ పంపును ముట్టుకోనే లేదు. ట్యాంకు నుంచి వచ్చే పైపును పంపు దగ్గర విప్పి, నోటితో వెనక్కి ఊదాడు. మొదట బుగ్గలు ఉబ్బాయేగాని గాలి పోలేదు. తర్వాత ఒక్కసారిగా ట్యాంకులో గుడగుడమంది. ‘పంపు జోలికి పోకండి సార్, ట్యాంకు దింపండి’ అన్నాడు. ఇంజను పెట్రోలును లాగుతున్నంతసేపూ తుప్పు పెచ్చులు వచ్చి లోపలి గొట్టం మూతికి అంటుకుంటున్నాయి. ఇంజను ఆగగానే రాలి అడుగుకు పడుతున్నాయి. అంటే బండిని లేపింది తడి టవలు కాదు, ఆ పది నిమిషాల విరామం. నేను బిగించిన కొత్త ఫిల్టరు తెల్లగా ఉండటం నన్ను ఇంకా మోసం చేసింది. పెచ్చులు అక్కడిదాకా వస్తే కదా!

ఇంటికొచ్చాక ట్యాంకు దింపి, గుప్పెడు కంకర, పాత సైకిల్ చైను వేసి, బావా నేనూ చెరో పక్క పట్టుకుని అరగంట ఊపాము. తడిసిన టీ పొడి లాంటిది దోసెడు వచ్చింది. రెండు రోజులు వెనిగర్ నింపి ఉంచి, వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి, వెంటనే ఎండబెట్టాను. తుప్పు పోయిన చోట సూదిమొన అంత చిల్లు బయటపడింది. దాన్ని రేడియేటర్లు అతికే మనిషికి అప్పగించాను. పెట్రోలు వాసన పోని ట్యాంకు దగ్గర మంట పెట్టే ధైర్యం నాకు లేదు, ఎవరికీ ఉండకూడదు కూడా.

ఆ తర్వాత ఆ ఘాట్‌లో బండి ఆగలేదు. అయితే ఇంజను కొత్తదానిలా ఉందని బాగుచేసిన కొత్తలో ఊరంతా చెప్పుకున్నాను. ఇప్పుడు ఎత్తు ఎక్కేటప్పుడు కాస్త నీలిపొగ వస్తోంది, అంటే లోపల ఆయిల్ కాలుతోందన్నమాట, ఆ మాట అంత గట్టిగా అనలేను. ఇథనాల్ కలిపిన పెట్రోలుకు పాత రబ్బరు పైపులు మెత్తబడితే అవీ మార్చాను.

ఇలాంటి బండి తీసుకోమంటారా అని అడిగితే ఏం చెప్పను? నాకు షెడ్డు ఉంది, ఉద్యోగ విరమణ అయింది, రోజూ ఎక్కడికీ వెళ్లాల్సిన పని లేదు. అద్దె ఇంట్లో ఉంటూ ఆదివారాలే ఖాళీ దొరికేవారికి నా లెక్క పనికిరాదు. కొనే ముందు మాత్రం ట్యాంకు మూత తీసి టార్చి వేసి చూడండి. మా బావ నేటికీ అది వేపర్ లాకే అంటాడు. డిక్కీలో నీళ్ల సీసా, టవలు పెట్టందే బండెక్కడు.