తెలుగు కోసం కొన్న లైనక్స్ ల్యాప్‌టాప్, 14 నెలల తర్వాత

పార్సిల్ విప్పిన వారంలోనే రాసుంటే ఈ సమీక్ష నిండా పొగడ్తే ఉండేది. అప్పట్లో కనిపించినవాళ్ళందరికీ కొనుక్కోమని చెప్పాను. ఇప్పుడు కాస్త ఆగి చెబుతున్నాను.

పాతిక వేల లోపు మెషీన్, ఉబుంటు 22.04 (విండోస్ బదులు వాడే లైనక్స్ రకం) వేసే వచ్చింది. ర్యామ్, ప్రాసెసర్ సంగతులు అందరికీ తెలిసినవే. నేను చూసుకున్నది ఒక్కటే, తెలుగు.

ఆమదాలవలస దగ్గర హైస్కూల్లో తెలుగు చెబుతాను. మా మామ్మా ఆవిడ ఈడువాళ్ళూ ఉభాలప్పుడు, అంటే వరినాట్లప్పుడు, పాడుకునే పాటలు ఫోన్లో రికార్డు చేసి పెట్టుకున్నాను. వాళ్ళ నోట వచ్చింది వచ్చినట్టే అక్షరాల్లోకి ఎక్కించాలని నా పట్టుదల. ఫోన్లో ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు చేసే పద్ధతిలో ‘ఏటి’ అంటే ‘ఏమిటి’ చేస్తుంది, ‘నాను’ అంటే ‘నేను’ చేస్తుంది. ప్రతి మాట దగ్గరా వెనక్కి వెళ్ళి దిద్దుకోవాలి.

ల్యాప్‌టాప్‌లో ఆ గొడవ లేదు. సెట్టింగ్స్‌లో తెలుగు కీబోర్డు కలుపుకున్నాను. సూపర్ మీట (విండోస్ గుర్తుండే మీట), స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది. ఈ కీబోర్డు అమరిక పేరు ఇన్‌స్క్రిప్ట్. ఇందులో ఎడమ చేతికి అచ్చులు, గుణింతాలు, కుడి చేతికి ఎక్కువగా హల్లులు. ‘శ్రీ’ రావాలంటే షిఫ్ట్ పట్టుకుని ఎం, తర్వాత డి, జె, ఆర్. వేళ్ళు అలవాటు పడటానికి మూడు వారాలు పట్టింది. ఆ తర్వాత కొట్టింది కొట్టినట్టే పడింది, ఏ మాటా ఎవరూ దిద్దలేదు.

ఇంకో సంతోషం ఫాంట్లు. టెర్మినల్‌లో (కమాండ్లు టైపు చేసే కిటికీ) ఒక్క లైను కొట్టి ‘తెలుగువిజయం’ ఫాంట్ల ప్యాకేజీ వేసుకుంటే డజనుకు పైగా దిగాయి. వాటిలో గిడుగు ఉంది, గురజాడ ఉంది. మా జిల్లా పర్వతాలపేటలో పుట్టి వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారి పేరున్న అక్షరాల్లో మా ఊరి పాటలకు హెడ్డింగులు పెట్టుకున్నాను. ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

చిక్కంతా ప్రెస్సులో వచ్చింది. ఆగస్టు 29, గిడుగు వారి జయంతి నాటికి పుస్తకం తేవాలనుకున్నాం. డెమ్మీ సైజు, 64 పేజీలు. పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో రైలెక్కి విజయనగరం వెళ్ళాను. ప్రెస్సు కుర్రాడు నా ఫైలులోని పాటలన్నీ కాపీ చేసి, పేజీలు కట్టే తన పాత సాఫ్ట్‌వేర్‌లో పెట్టాడు. తెర నిండా ప్రశ్నార్థకాలు. ఒక్క తెలుగక్షరం లేదు.

“మాస్టారూ, మా దగ్గర యూనికోడ్ పడదండి. మళ్ళీ టైపు చేయించాల్సిందే” అన్నాడు. యూనికోడ్ అంటే ఇప్పటి ఫోన్లూ కంప్యూటర్లూ తెలుగు అక్షరాలను గుర్తుపట్టే పద్ధతి, నేను కొట్టిందంతా అందులోనే.

సరే, నమూనాకి రెండు పేజీలు చేయమన్నాను. గంటలో చేసిచ్చారు. చూస్తే ‘ఏటి’ ఉన్నచోటల్లా ‘ఏమిటి’, ‘నాను’ ఉన్నచోటల్లా ‘నేను’. తప్పులనుకుని మంచి మనసుతోనే దిద్దారు. పాత ఫాంట్లలోకి మార్చే కన్వర్టర్ కూడా వేసి చూశారు. ఒత్తు కింద ఒత్తు ఉన్న అక్షరాలన్నీ చెదిరిపోయాయి. రెండు నెలల కష్టం ఇలా అయిందేమిటని తిరుగు రైల్లో చాలా దిగులేసింది.

మర్నాడు ఫోన్ చేసి పీడీఎఫ్ ఇస్తే వేస్తారా అని అడిగాను. వేస్తామన్నారు. ఇక పేజీలు నేనే కట్టుకోవాలి. లిబ్రే ఆఫీస్ రైటర్‌లో (వర్డ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్) పేజీ అయిదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర పొడవు పెట్టాను. స్టైల్‌లో ఫాంటు మారిస్తే ఇంగ్లీషు అంకెలు మారుతున్నాయి గానీ తెలుగు మాత్రం కదలదు. ఒక రాత్రంతా దానికే పోయింది. తెలుగుకు ఫాంటు, సైజు అక్కడే వేరే గడిలో ఉంటాయట. భాషల సెట్టింగ్‌లో కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ అన్నదానికి టిక్కు పెడితే ఆ గడి కనిపించింది. నాలుగు రాత్రులకు 64 పేజీలూ పూర్తయ్యాయి. ప్రూఫు చేతికొచ్చాక ముందు ఒత్తులే చూశాను. ఒక్కటీ చెదరలేదు.

28 సాయంత్రం కట్టలు వచ్చాయి. మామ్మకు చదువు రాదు. మొదటి పాట చదివి వినిపిస్తే, “మనం అన్నట్టుగానే ఉందిరా” అంది.

కీబోర్డు మెత్తగా ఉంటుందని మొదట్లో అందరికీ చెప్పాను. ఇన్‌స్క్రిప్ట్‌లో పొల్లు డి మీట మీద ఉంటుంది. ఏ ఒత్తు రావాలన్నా అదే నొక్కాలి. పదో నెలకల్లా ఆ ఒక్క మీటా వదులైంది, రెండుసార్లు నొక్కితే గానీ పడదు. ఇంగ్లీషు మాత్రమే కొట్టేవాళ్ళకు ఇంత త్వరగా ఈ బాధ రాకపోవచ్చు. అలాగే, మీరు పని ఇచ్చే ప్రెస్సు పీడీఎఫ్ తీసుకోనంటే నా సలహా మీకు పనికిరాదు. డీటీపీయే మీ బతుకుతెరువైతే ఇదొక్కటే నమ్ముకోమని చెప్పలేను. నాకు స్కూలు అయ్యాక రాత్రిళ్ళు తీరిక ఉంది, తొందరపెట్టేవాళ్ళు లేరు.

ప్రస్తుతం బయట నుంచి యూఎస్‌బీ కీబోర్డు తగిలించుకుని రెండో పుస్తకం పాటలు కొడుతున్నాను.