జాగ్రత్త: 'దెబ్బ తినకుండానే జీవిత పాఠాలు' అంటూ అమ్మే కోర్సు కొనబోతున్నారా?

"ముసలితనంలో గానీ తెలియని విషయాలు ఇప్పుడే తెలుసుకోండి." "మేం తిన్న దెబ్బలు మీరు తినక్కర్లేదు." ఇలాంటి ప్రకటనలు మీకూ కనిపిస్తూనే ఉంటాయి. అలాంటి కోర్సు ఒకటి నేను డబ్బు కట్టి కొన్నాను. పేరు చెప్పడం లేదు. ఇవాళ ఒక పేరుతో ఉన్నది రేపు ఇంకో పేరుతో వస్తుంది కాబట్టి, పేరు కన్నా పద్ధతి తెలిస్తేనే మీకు పనికొస్తుంది.

మొదట ఫ్రీ వెబినార్ ఉంటుంది. లైవ్ అంటారు. పక్కన చాట్‌లో "జాయిన్ అయ్యాను సర్", "సీటు దొరికింది, థాంక్యూ" అని టకటకా కామెంట్లు పడుతుంటాయి. నేనడిగిన ప్రశ్నకు జవాబు రాలేదు. జనం ఎక్కువైతే అలా జరగడం మామూలే అని సరిపెట్టుకోవచ్చు. కానీ మర్నాడు అదే లింకు వేరే బ్రౌజర్‌లో తెరిస్తే అదే చొక్కా, అదే మాట దగ్గర అదే దగ్గు, చాట్‌లో అవే పేర్లు అదే వరుసలో. "ఈ రాత్రితో ఆఫర్ ఆఖరు" అంటూ తిరిగే గడియారం కూడా మళ్లీ మొదటి నుంచి మొదలైంది. మనిషిని తొందరపెట్టి, తికమకపెట్టి బటన్ నొక్కించే ఇలాంటి డిజైన్లకు హ్యారీ బ్రిగ్నల్ అనే ఆయన 2010లో 'డార్క్ ప్యాటర్న్స్' అని పేరు పెట్టారు. కొనే ముందు మీరూ ఆ పేజీని ఒకసారి బ్రౌజర్‌లోని ప్రైవేట్ విండోలో (ఇన్‌కాగ్నిటోలో) తెరిచి చూడండి. గడియారం మొదటికొచ్చిందంటే ఇక అక్కడ చదవాల్సింది ఏమీ లేదు.

చాలామంది పడిపోయేది తర్వాతి మెట్టు దగ్గర. ఒక ప్రశ్నావళి నింపమంటారు. కాసేపటికి 'మీ జీవిత విశ్లేషణ' అని రిపోర్టు వస్తుంది. "బయటికి ధైర్యంగా కనిపిస్తారు గానీ లోపల మీ నిర్ణయాల మీద మీకే అనుమానం. పదిమందీ మెచ్చుకోవాలని ఉంటుంది. మీలోని శక్తిని ఇంకా పూర్తిగా వాడుకోలేదు." చదివితే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది, నన్ను ఇంతగా ఎలా చదివేశారు అని. అదే కోర్సు కొన్న ఇంకొకరితో మాట కలిసినప్పుడు రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి చూశాం. పేరు తప్ప పేరాలన్నీ ఒకటే.

ఈ కిటుకు కొత్తదేమీ కాదు. 1948లో బెర్‌ట్రామ్ ఫోరర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన క్లాసులోని 39 మంది విద్యార్థులకు వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, వారం తర్వాత ఎవరి ఫలితం వాళ్లకని విడివిడిగా ఇచ్చాడు. నిజానికి అందరికీ ఇచ్చింది ఒకటే కాగితం. అందులోని వాక్యాలు ఎక్కువగా ఒక జాతకాల పుస్తకంలోంచి ఏరినవి. తమకు ఎంత సరిపోయిందో 5కి మార్కులు వేయమంటే సగటున 4.26 వేశారు. మీ రిపోర్టు నిజంగా మీదో కాదో తేలాలంటే దాన్ని మీకు పూర్తిగా వ్యతిరేక స్వభావం ఉన్న మనిషికి చూపించండి. వాళ్లు కూడా "అరె, ఇది నా గురించే" అంటే సంగతి తెలిసిపోయినట్టే.

ఇక అసలు పాఠాలు. కాదనడం నేర్చుకోండి, అందరినీ నమ్మకండి, ఆరోగ్యం పోయాక డబ్బున్నా లాభం లేదు, అమ్మానాన్నలతో సమయం గడపండి. ఒక్కటీ అబద్ధం కాదు, ఒక్కటీ మనకు తెలియంది కాదు. వెనక వయొలిన్, మధ్యలో కన్నీళ్లు. నన్నడిగితే చిక్కు అంతా ఇక్కడే ఉంది. తెలిసినవాళ్లకు హామీ సంతకం పెట్టకూడదని తెలియక ఎవరూ పెట్టరు. ఎదురుగా కూర్చున్న మనిషి మొహం చూసి, ఆ క్షణంలో నోరు పెగలక పెడతారు. ఆ క్షణంలో ఏమనాలి, ఎంత గడువు అడగాలి, ఎవరి మీదకు నెట్టాలి అన్నది చెబితే ఎంతో కొంత డబ్బు గిట్టుబాటు అయ్యేది. అది 'రెండో లెవెల్లో' ఉందన్నారు. రెండో లెవెల్‌కు మళ్లీ డబ్బు.

అక్కడ వాళ్లు విసిరే మాట ఇది: "ఇంతదూరం వచ్చి ఆగిపోతే ఇప్పటిదాకా పెట్టిందంతా వృథా." బాగా పనిచేసే మాటే. ఆర్క్స్, బ్లూమర్ అనే ఇద్దరు పరిశోధకులు 1985లో ప్రచురించిన అధ్యయనంలో నాటకాల సీజన్ టికెట్లను కొందరికి పూర్తి ధరకు, కొందరికి తగ్గింపు ధరకు అమ్మించి చూశారు. సీజన్ మొదటి సగంలో పూర్తి ధర పెట్టినవాళ్లే ఎక్కువ నాటకాలకు వెళ్లారు. నాటకాలు ఇద్దరికీ అవే, ఎక్కువ కట్టామన్న బాధే వాళ్లను హాలుకు లాక్కెళ్లింది. కట్టిన మొదటి విడత ఎలాగూ తిరిగిరాదు. రెండో లెవెల్‌ను విడిగా, ఇవాళే మొదటిసారి చూస్తున్నట్టు చూడండి: దీనికి ఈ డబ్బు పెడతారా?

రివ్యూలు చూసి కొంటాం అంటారా? అవన్నీ దొంగవి అని నేననను. చాలావరకు మనస్ఫూర్తిగా రాసినవే, అదే ప్రమాదం. 1959లో ఆరన్సన్, మిల్స్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. ఒక చర్చా బృందంలో చేరడానికి కొంతమంది కాలేజీ అమ్మాయిలకు బాగా ఇబ్బందికరమైన పరీక్ష పెట్టారు, కొంతమందికి తేలికది. తర్వాత అందరికీ వినిపించింది ఒకే చప్పటి చర్చ. ఇబ్బంది పడి చేరినవాళ్లకు మాత్రం అది మరింత ఆసక్తికరంగా అనిపించింది. కష్టపడి, ఖర్చుపెట్టి చేరిన చోటును తీసిపారేయడానికి మనసొప్పదు. పైగా ఈ కోర్సులో రివ్యూ అడిగేది మొదటి వారంలోనే, ఉత్సాహం దిగకముందే. కాబట్టి కోర్సు ముగించి చాలా కాలమైనవాళ్లు ఏమంటున్నారో వెతకండి. అలాంటి రివ్యూ ఒక్కటీ దొరకకపోతే అదీ సమాధానమే.

సభ్యుల గ్రూపులో ఎవరైనా అనుమానం వ్యక్తం చేస్తే "నెగెటివ్ మైండ్‌సెట్" అని ముద్ర వేసి మెసేజ్ తీసేస్తారు. దీని గురించి ఇంతకన్నా చెప్పడానికేమీ లేదు.

రీఫండ్ కథ మాత్రం వివరంగా చెప్పాలి. అమ్మే పేజీలో పెద్దక్షరాలతో 'నూరు శాతం మనీబ్యాక్ గ్యారంటీ' అని ఉంటుంది. రీఫండ్ అడిగితే, అసైన్‌మెంట్లన్నీ పూర్తిచేసిన రుజువు పంపమన్నారు. నిబంధనల పేజీ చివర మాత్రం, పాఠాల్లో కొంత శాతం దాటి చూస్తే కోర్సు వాడుకున్నట్టే లెక్క, రీఫండ్ లేదు అని ఉంది. చూడకుండా అసైన్‌మెంట్ చేయలేం, చూస్తే డబ్బు రాదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఆ రెండు పేజీలనూ పక్కపక్కన పెట్టి మెయిల్ చేస్తే "మీ ఫీడ్‌బ్యాక్‌కు ధన్యవాదాలు" అని వచ్చింది.

డబ్బు కట్టే చోట చిన్న టిక్ పెట్టె ఉంటుంది, దాన్నీ గమనించండి. యూరోపియన్ యూనియన్‌లో ఆన్‌లైన్ కొనుగోలును మామూలుగా 14 రోజుల్లోపు కారణం చెప్పకుండా రద్దు చేసుకోవచ్చు. డిజిటల్ పాఠాల విషయంలో "వెంటనే తెరవండి, రద్దు హక్కు వదులుకుంటున్నాను" అని ఒప్పుకుంటే ఆ హక్కు పోతుంది. మీరున్న చోట చట్టం ఏదైనా ఆ పెట్టె పక్కనున్న వాక్యం చదవకుండా నొక్కకండి.

ఇప్పటికే కట్టేసి ఉంటే, ముందు అమ్మే పేజీనీ నిబంధనల పేజీనీ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. గొడవ మొదలయ్యాక అవి మారిపోతాయి. రీఫండ్ ఫోన్లో అడగకండి, తేదీ ఉండేలా మెయిల్‌లో అడగండి. కార్డుతో కట్టి ఉంటే బ్యాంకును ఛార్జ్‌బ్యాక్, అంటే ఆ చెల్లింపును వెనక్కి రప్పించమని, అడగొచ్చు, దానికి గడువు ఉంటుంది కాబట్టి అమ్మినవాళ్ల జవాబు కోసం కాచుకుని కూర్చోవద్దు. యాప్ డిలీట్ చేసినంత మాత్రాన నెలనెలా తెగే డబ్బు ఆగదు. ఆటో డెబిట్‌ను విడిగా రద్దు చేయాలి.

రీఫండ్ రాలేదని ఎక్కడైనా రాశారంటే "మీ డబ్బు నేను ఇప్పిస్తాను, ముందు కొంచెం ఫీజు పంపండి" అని మెసేజ్‌లు వస్తాయి. నాకూ వచ్చాయి. జవాబివ్వకుండా బ్లాక్ చేసేయండి.