ఏఐఎస్ ఫీడ్‌బ్యాక్: మనది కాని ఆదాయం కనిపిస్తే ఎంతవరకు ఆదుకుంటుంది?

ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో 2021 నవంబరులో వచ్చిన ఏఐఎస్‌లో (బ్యాంకులు, సంస్థలు మన ఆదాయం గురించి పన్ను శాఖకు ఇచ్చిన వివరాల పట్టిక) అసలు పనికొచ్చేది ఫీడ్‌బ్యాక్ బటనే. కానీ దాన్ని దాచిపెట్టినట్టే పెట్టారు. ముక్కూమొహం తెలియని సంస్థ నుంచి వడ్డీ వచ్చినట్టు కనిపిస్తే ఆ వరస తెరవండి. చివర్లో ‘ఆప్షనల్’ అని ఉంటుంది, నొక్కాల్సింది దాన్నే.

అసలు సంబంధమే లేకపోతే ‘ఇన్ఫర్మేషన్ ఈజ్ డినైడ్’ ఎంచుకోండి. ఒకే మొత్తం రెండుసార్లు పడితే ‘డూప్లికేట్’. జాయింట్ ఖాతా వడ్డీ మొదటి పేరున్నవాళ్ల పాన్‌కే ఎక్కుతుంది. డబ్బు రెండోవాళ్లదైతే ‘అదర్ పాన్/ఇయర్’ సరైనది. తొందరపడి కాదనేముందు పాత ఎఫ్‌డీలు ఓసారి చూసుకోండి, సగం ‘తెలియని’ వడ్డీలు అక్కడే దొరుకుతాయి.

ఫీడ్‌బ్యాక్ ఇచ్చాక టీఐఎస్‌లో, అంటే ఏఐఎస్ సారాంశంలో, ‘డిరైవ్డ్ వాల్యూ’ (మన ఫీడ్‌బ్యాక్‌ను లెక్కలోకి తీసుకున్న మొత్తం) మారుతుంది. రసీదు దాచుకోండి. సమాచారం ఇచ్చిన సంస్థ ఒప్పుకుందో లేదో 2024 నుంచి ఏఐఎస్‌లోనే కనిపిస్తోంది, ఇది మంచి మార్పు.

లోపమల్లా టీడీఎస్ (చెల్లించేవాళ్లు ముందే కోసే పన్ను) దగ్గరే. 26ఏఎస్‌లో (మన పాన్ మీద జమైన పన్నుల పట్టిక) తప్పు పోవాలంటే కోసినవాళ్లే తమ టీడీఎస్ రిటర్న్ సవరించాలి. వాళ్లకు మెయిల్ పెట్టండి. ఆదాయం నాది కాదంటూ ఆ టీడీఎస్ మాత్రం క్లెయిమ్ చేస్తే నోటీసును పిలిచినట్టే.