అనంతపురంలో సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనేవాళ్లు జాగ్రత్త: షాపువాళ్ల జీమెయిల్ పెట్టించుకోవద్దు

అనంతపురంలో గానీ, చుట్టుపక్కల ధర్మవరం, తాడిపత్రి, గుంతకల్లులో గానీ సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనబోతున్నవాళ్లు ఇది చదివి కొనండి. ఇప్పటికే కొనేసి ఉంటే, ముందు సెట్టింగ్స్ తెరిచి ఫోన్‌లో ఉన్న జీమెయిల్ ఎవరిదో చూసుకోండి. అది మీరు పెట్టుకున్నది కాకపోతే మీ పరిస్థితీ మా పరిస్థితే.

మా నాన్న ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. పాత ఫోన్ డిస్‌ప్లే పోతే బాగు చేయించడానికి వెళ్లారు. కాంబో (డిస్‌ప్లే, టచ్ కలిసి ఉండే గ్లాసు) మార్చే ఖర్చుకు ఇంకొంచెం కలిపితే ఫోనే వస్తుందని షాపతను చెప్పాడు. సరే అని 6,500 పెట్టి ఒక సెకండ్ హ్యాండ్ ఫోన్ తీసుకున్నారు. బాక్సు లేదు, చార్జర్ వేరే కంపెనీది. బిల్లంటే తెల్లకాగితం మీద మోడల్ పేరు, ధర, కింద గీత గీసినట్టు ఒక సంతకం. సిమ్ వేసి, వాట్సాప్ ఎక్కించి, "అన్నీ సెట్ చేసేసినా, ఇంక వాడుకోవడమే పెద్దాయనా" అని చేతిలో పెట్టారు. షాపు పేరు రాయడం లేదు, ఫిర్యాదు నడుస్తోంది.

మొదట్లో వింతలు చిన్నవే. ఎవరూ వేయని ఆటలు ఫోన్‌లోకి వచ్చి కూర్చునేవి. ఒకసారి కార్ల రేసు, ఇంకోసారి అప్పులిస్తామనే యాప్. మా నాన్న యూట్యూబ్‌లో చూసేది హరికథలు, పాత పౌరాణిక నాటకాలు. ఆయనకు మాత్రం "లాక్ తీయడం ఎలా", "డెడ్ ఫోన్ రిపేర్" వీడియోలు వరసపెట్టి వచ్చేవి. మనవడు నొక్కి ఉంటాడనుకున్నారు. తర్వాత స్క్రీన్ మీద "సైన్ ఇన్ చేస్తున్నది మీరేనా?" అని ప్రశ్న రావడం మొదలైంది. కింద "అవును", "కాదు" అని రెండు బటన్లు. ఫోన్ అడుగుతోంది కదా, తనే కదా వాడుతున్నది అని మా నాన్న పద్ధతిగా "అవును" నొక్కేవారు. ఎన్నిసార్లు నొక్కారో దేవుడికెరుక.

ఒక రాత్రి సైలెంట్‌లో పెట్టిన ఫోన్ ఫుల్ సౌండ్‌తో మోగింది. కాల్ లేదు, నంబర్ లేదు, ఊరికే మోగుతూనే ఉంది. ఇంట్లో అందరం లేచి కూర్చున్నాం. "ఏం పాపా, దీనికి గాలి సోకిందా ఏం?" అన్నారు నాన్న. ఆయన నవ్వుతూనే అన్నారు గానీ, మా అమ్మ నిజంగానే ఫోన్ తీసుకెళ్లి హాల్లో టీవీ వెనక పెట్టి వచ్చింది.

అక్కడి నుంచి అందరి నోటా ఒకటే మాట: ఫోన్ హ్యాక్ అయింది. పక్కింటాయన స్టార్ హ్యాష్ ట్వంటీవన్ హ్యాష్ కొట్టమన్నాడు, హ్యాకింగ్ బయటపడుతుందట. అదంతా ఉత్తదే. ఆ కోడ్ చెప్పేది మీ కాల్స్ వేరే నంబరుకు ఫార్వర్డ్ అవుతున్నాయా లేదా అన్నంతవరకే. మా మరిది వచ్చి పవర్ బటన్, వాల్యూమ్ బటన్ కలిపి నొక్కి ఫోన్ మొత్తం రీసెట్ కొట్టాడు. ఆన్ చేస్తే, ఇంతకుముందు ఈ ఫోన్‌లో ఉన్న గూగుల్ అకౌంట్ పాస్‌వర్డ్ ఇవ్వమని పట్టుబట్టింది. ఇది దొంగతనాలు ఆపడానికి ఆండ్రాయిడ్‌లో 2015 నుంచి ఉన్న ఏర్పాటు, మంచిదే. కానీ ఆ పాస్‌వర్డ్ మా దగ్గర లేదు. మళ్లీ షాపుకు తీసుకెళ్తే కుర్రాడు టకటకా ఏదో కొట్టి ఫోన్ తెరిచి ఇచ్చేశాడు. ఇంటికొచ్చేసరికి కార్ల రేసు మళ్లీ ప్రత్యక్షం.

అప్పుడు నేను కూర్చుని కాంటాక్ట్స్ తెరిచాను. మా నాన్న రాసుకున్న పేర్ల మధ్యలో "కాంబో గుంతకల్", "బోర్డు రిపేర్ అన్న", "బ్యాటరీ హోల్‌సేల్ హైద్రాబాద్", "పాత ఫోన్లు కదిరి". చదువుతుంటే ఇది ఏ దేశంలోనో కూర్చున్న హ్యాకర్ ఫోన్‌బుక్కులా లేదు, సెల్ షాపు ఫోన్‌బుక్కులా ఉంది.

సెట్టింగ్స్‌లో గూగుల్, అందులో అకౌంట్ మేనేజ్, అందులో సెక్యూరిటీ, దాని కింద "మీ పరికరాలు" అని ఉంటుంది. ఆ అకౌంట్‌తో తెరిచి ఉన్న ఫోన్లన్నీ అక్కడ కనిపిస్తాయి. వేలితో పైకి తోస్తుంటే జాబితా అయిపోవడం లేదు. రకరకాల మోడళ్లు, ఒక్కోదాని పక్కన ఊరి పేరు: అనంతపురం, హిందూపురం, కదిరి, మళ్లీ అనంతపురం. పాస్‌వర్డ్ మర్చిపోతే కోడ్ వచ్చే రికవరీ ఫోన్ నంబరు చూస్తే షాపు బోర్డు మీద ఉన్న నంబరే.

విషయం ఇదీ. షాపులో ఒకే జీమెయిల్ పెట్టుకుని, అమ్మిన ప్రతి ఫోన్‌లోనూ అదే వేసి పంపిస్తున్నారు. దాంతో ఆ ఫోన్లన్నీ గూగుల్ లెక్కలో ఒకే మనిషివి. కదిరిలో ఎవరి పిల్లాడో ఆట దించుకుంటే, అదే అకౌంట్‌లో ఉన్న వేరే ఫోన్లలోకి కూడా దించే వీలు ప్లే స్టోర్‌లో ఉంది. షాపులో ఆ కుర్రాడు చూసిన వీడియోలను బట్టి మా నాన్నకు వీడియోలు వస్తున్నాయి. కొత్త బేరం కుదిరి ఇంకో ఫోన్‌లో అకౌంట్ వేసేటప్పుడు "మీరేనా?" అనే ప్రశ్న మా ఇంటికొస్తోంది. ఆ రాత్రి మోత కూడా దయ్యం కాదు. పోయిన ఫోన్‌ను వెతకడానికి గూగుల్‌లో ఒక సదుపాయం ఉంది, ఇప్పుడు దాన్ని ఫైండ్ హబ్ అంటున్నారు. అందులో మోగించమని నొక్కితే సైలెంట్‌లో ఉన్నా సరే 5 నిమిషాలు గట్టిగా మోగుతుంది. ఎవరో తమ ఫోన్ వెతుక్కుంటూ జాబితాలో మాది నొక్కి ఉంటారు. మోగించడమే కాదు, ఫోన్ ఎక్కడుందో మ్యాప్‌లో చూడొచ్చు, లాక్ చేయొచ్చు, మొత్తం తుడిచేయొచ్చు కూడా. ఆ అధికారం ఇప్పుడు షాపతని చేతిలో ఉంది.

రీసెట్ ఎందుకు పనిచేయలేదంటే, తప్పు ఫోన్‌లో లేదు, అకౌంట్‌లో ఉంది. గోడలకు సున్నం కొట్టిస్తే పాత తాళంచెవి చెల్లకుండా పోతుందా?

అన్నిటికన్నా నాకు భయం వేసింది ఫొటోలు చూశాక. ఫొటోల బ్యాకప్ కూడా ఆన్ చేసి ఇచ్చారు. గూగుల్ ఫొటోస్ తెరిస్తే ఎవరిదో గృహప్రవేశం, పొయ్యి మీద పాలు పొంగిస్తున్న ఆవిడ. ఇంకొకరి పట్టాదారు పాసుపుస్తకం, ఒక్కో పేజీ ఒక్కో ఫొటో. ఒక అమ్మాయి పరీక్ష హాల్‌టికెట్. వాటి మధ్యలో మా నాన్న ఆధార్, పెన్షన్ కాగితాలు, బ్యాంకు పాసుబుక్ మొదటి పేజీ. మేం వాళ్లవి చూస్తున్నామంటే వాళ్లూ మావి చూస్తున్నట్టే కదా.

షాపుకెళ్లి అడిగాను. కుర్రాడు ఏమాత్రం తడబడలేదు. "ఏంటికి అక్కా టెన్షన్? అందరికీ అదే పెడతాం. పెద్దోళ్లకు జీమెయిల్ అంటే తెలీదు, ప్లే స్టోర్ తెరుచుకోవాలంటే ఏదో ఒకటి ఉండాల కదా" అన్నాడు. కొత్తది చేయాలంటే ఫోన్ నంబరుతో వెరిఫికేషన్ అడుగుతుంది, ఒక నంబరు మీద ఎన్నంటే అన్ని చేయనివ్వదు, అందుకని ఇలా. ఓనరైతే "మేమేమన్నా హ్యాకర్లమా అమ్మా?" అని నా మీదికే వచ్చాడు. కాదనే నేనూ అనుకుంటున్నాను. బద్ధకం, అంతే. కానీ ఊళ్లోవాళ్ల ఆధార్ కార్డులన్నీ ఒకేచోట పోగుపడ్డాక, అది బద్ధకమైతే ఏంటి, దురుద్దేశమైతే ఏంటి? ఆ కుర్రాడు రేపు పని మానేసి వెళ్తే పాస్‌వర్డ్ కూడా అతనితోనే వెళ్తుంది. డబ్బు వెనక్కి ఇవ్వమంటే ఫోన్ మార్చి ఇస్తామన్నారు. ఆ మార్చి ఇచ్చే ఫోన్‌లోనూ అదే జీమెయిల్ ఉంది!

మీకూ ఇదే జరిగి ఉంటే, కోపం కొద్దీ వెంటనే రీసెట్ కొట్టొద్దు. వరస ముఖ్యం. ముందు మీ ఫొటోలన్నీ కంప్యూటర్‌లోకో పెన్‌డ్రైవ్‌లోకో కాపీ చేసుకోండి. తర్వాత గూగుల్ ఫొటోస్‌లో మీవి మాత్రం డిలీట్ చేసి, బిన్ కూడా ఖాళీ చేయండి. బ్యాకప్ అయిన ఫొటోలు బిన్‌లో 60 రోజులు ఉంటాయి, అదే అకౌంట్ ఉన్న ఎవరైనా వెనక్కి తెచ్చుకోవచ్చు. పక్కవాళ్లవి ముట్టుకోవద్దు, వాళ్లకు వేరే కాపీ ఉందో లేదో మనకేం తెలుసు. కాంటాక్ట్స్ కూడా రాసుకోండి. మా నాన్నకు డ్యూటీ రోజుల నుంచి జేబులో చిన్న డైరీ పెట్టుకునే అలవాటు, అది ఇప్పుడు ఆదుకుంది.

ఆ తర్వాత సెట్టింగ్స్‌లో అకౌంట్స్‌లోకి వెళ్లి ఆ జీమెయిల్‌ను రిమూవ్ చేయండి. చాలామందికి తెలియనిది ఇదే: తీసేయడానికి ఆ జీమెయిల్ పాస్‌వర్డ్ అక్కర్లేదు, మహా అయితే మీ ఫోన్ లాక్ పిన్ అడుగుతుంది. అది పోయాకే, బటన్లు నొక్కి కాకుండా సెట్టింగ్స్ లోపలి నుంచి రీసెట్ చేయండి. అప్పుడు పాత అకౌంట్ అడగదు. కొత్త జీమెయిల్ మీ నంబరుతో మీరే పెట్టుకోండి, రికవరీ నంబరు మీదో మీ పిల్లలదో ఇవ్వండి, టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్ కొట్టాక ఇంకో తనిఖీ) ఆన్ చేయండి. పాత అకౌంట్‌నే ఉంచుకుని రికవరీ నంబరు మారుద్దామనే ఆలోచన మానుకోండి. నంబరు మార్చినా వారం దాకా పాత నంబరుకు కూడా కోడ్ పంపే అవకాశం గూగుల్ ఇస్తుంది, అంతలోపు వాళ్లు మళ్లీ లోపలికి రాగలరు. పైగా అందులో ఇంకొందరి సామాన్లున్నాయి.

వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్, అంటే మీ వాట్సాప్ తెరిచి ఉన్న వేరే పరికరాలు, కూడా చూడండి. ఒక అకౌంట్‌కు నాలుగు దాకా జతచేయొచ్చు, తెలియనిది ఉంటే లాగౌట్ కొట్టండి. వాట్సాప్‌కు ఆరంకెల పిన్ పెట్టండి. ఆధార్ ఫొటోలు బయటికి పోయాయనిపిస్తే ఆధార్ వెబ్‌సైట్‌లోనో యాప్‌లోనో వేలిముద్రలు లాక్ చేసుకోవచ్చు. మా నాన్నకు చేశాం, కావాల్సినప్పుడు మళ్లీ తీసుకోవచ్చు.

కొనేటప్పుడు మాత్రం మొహమాటం వద్దు. ఫోన్ మీ కళ్లముందే రీసెట్ చేయించండి. భాష ఎంచుకోమనే స్క్రీన్ నుంచి మొదలై, పాత అకౌంట్ అడగకుండా లోపలికి వెళ్లిందా లేదా చూడండి. అడిగితే ఆ ఫోన్ కౌంటర్ మీదే వదిలేసి రండి, ధర ఎంత తగ్గించినా సరే. స్టార్ హ్యాష్ జీరో సిక్స్ హ్యాష్ కొడితే ఫోన్‌కు గుర్తింపుగా ఉండే 15 అంకెల ఐఎమ్ఈఐ నంబరు వస్తుంది. ఇంగ్లిష్‌లో కేవైఎం అని కొట్టి, ఖాళీ వదిలి, ఆ నంబరు వేసి 14422కు మెసేజ్ పంపితే ఆ ఫోన్ వివరాలు వస్తాయి, బ్లాక్ అయిన ఫోనైతే తెలిసిపోతుంది. టెలికాం శాఖవాళ్ల సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో కూడా చూడొచ్చు. ఫోన్ సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ కింద డివైస్ అడ్మిన్ యాప్స్ అని ఉంటుంది, అక్కడ ఫైనాన్స్ కంపెనీ యాప్ కనిపిస్తే పాత ఓనర్ ఈఎమ్ఐ ఇంకా కట్టాల్సి ఉండొచ్చు. అతను కట్టడం మానేస్తే లాక్ పడేది మీ చేతిలో ఉన్న ఫోన్‌కే.

నిజమైన హ్యాకింగ్ లేదని కాదు. వాట్సాప్ గ్రూపుల్లో పీఎం కిసాన్ పేరుతోనో, చలాన్ పేరుతోనో, పెళ్లి పత్రిక పేరుతోనో ఏపీకే ఫైళ్లు (ప్లే స్టోర్‌తో పనిలేకుండా నేరుగా ఎక్కే యాప్‌లు) తిరుగుతుంటాయి. అలాంటిది ఇన్‌స్టాల్ చేసి మెసేజ్‌లకు, యాక్సెసిబిలిటీకి (స్క్రీన్ మీద ఉన్నది చదివి, మన బదులు నొక్కే వీలు) పర్మిషన్ ఇచ్చి ఉంటే అది వేరే కథ. ముందు నెట్ ఆఫ్ చేసి, బ్యాంకుకు వేరే ఫోన్ నుంచి చెప్పండి, డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కొట్టండి.

మాకు డబ్బు పోలేదు. సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాం, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కూ చెప్పాం. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు కొన్నవాటికి ఫీజు లేదు, అక్కడికీ వెళ్తాం. ఆ తెల్లకాగితాన్ని బిల్లుగా ఎంతవరకు చూస్తారన్నదే అనుమానం. అందుకే మీరు కొంటే షాపు పేరు, ఐఎమ్ఈఐ నంబరు ఉన్న బిల్లు అడిగి తీసుకోండి.

ఇంకొకటి. మీ కాంటాక్ట్స్‌లో మీరు సేవ్ చేయకుండానే "డిపో గ్యారేజీ", "కల్యాణదుర్గం బస్సు డ్రైవర్", "పాలామె కొత్తనంబర్" అని కనిపిస్తే అవి మా నాన్నవి. మీ ఫోన్‌లో ఉన్నదీ అదే జీమెయిల్. ముందు మీ ఫొటోలు కాపీ చేసుకోండి.