సెకండ్ హ్యాండ్ ఆక్సిజన్ మిషన్ కొనేవాళ్లు, రిపేరుకు ఇచ్చేవాళ్లు ముందు ఇది చదవండి

వరంగల్, హనుమకొండ, కాజీపేట వైపు ఎవరైనా ఇంట్లో పెద్దవాళ్ల కోసం పాత ఆక్సిజన్ కాన్సంట్రేటర్ చూస్తుంటే కాస్త ఆగండి. మాకు పోయిన డబ్బు సంగతి తర్వాత, మా బాపు ప్రాణం మీదికి వచ్చింది.

బాపు ముప్పై ఏళ్లు ఎనుమాముల మార్కెట్‌లో హమాలీ పని చేశాడు. పత్తి దుమ్ము, మిర్చి ఘాటు, దానికి తోడు బీడీ, ఇప్పుడు ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. ఇంట్లో ఆక్సిజన్ నిమిషానికి 2 లీటర్ల మీద పెట్టమని, రక్తంలో ఆక్సిజన్ శాతం చూపించే వేలి మిషన్‌లో (ఆక్సీమీటర్) 88 నుంచి 92 మధ్య ఉంటే చాలని డాక్టర్ చెప్పారు. 2021లో కరోనా సెకండ్ వేవ్ అప్పుడు జనం కొన్నవి ఇప్పుడు సగం ధరకు దొరుకుతున్నాయి కదా, అలాంటి 5 లీటర్ల మిషన్ ఒకటి తీసుకున్నాం. నెల బాగానే నడిచింది. తర్వాత పసుపు లైట్ వెలిగి బీప్ బీప్ అనడం మొదలుపెట్టింది. అమ్మినాయనకు ఫోన్ చేస్తే తనకు తెలిసిన మెకానిక్ ఉన్నాడని పట్టుకెళ్లి, మూడు రోజులకు తెచ్చిచ్చాడు. బీప్ లేదు, ఫ్లో మీటర్‌లో గోలీ 2 దగ్గర నిలబడింది, ముక్కు దగ్గర గాలి తగులుతోంది. ఇంకేం కావాలి అనుకుని రెండున్నర వేలు ఇచ్చి పంపాం.

ఆ రాత్రి బాపు రీడింగ్ 84, తెల్లారేసరికి 79. మిషన్ నడుస్తూనే ఉంది! ఆక్సీమీటర్ పాడైందేమోనని నా వేలికి పెట్టుకుని చూస్తే 98 చూపించింది. అప్పుడు కాళ్లు వణికాయి. 108కి ఫోన్ చేసి ఆస్పత్రికి తీసుకెళ్లాం, అయిదు రోజులు అక్కడే.

తర్వాత ఒక బయోమెడికల్ ఇంజినీర్‌ను బతిమాలి మిషన్ విప్పించాం. మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 శాతమే, నైట్రోజన్ 78. ఈ మిషన్ ఆ గాలిని ఒత్తిడితో జియోలైట్ గింజలున్న గొట్టాల్లోకి పంపిస్తుంది, గింజలు నైట్రోజన్‌ను పట్టేసుకుంటాయి, మిగిలిన గాలి 90 శాతం పైన ఆక్సిజన్‌తో బయటికి వస్తుంది. ఆ గింజలకు తేమ తగిలితే పని అయిపోయినట్టే. మెకానిక్ ఏం చేశాడంటే, ఈ వానల్లో ఆ గొట్టాలు విప్పి, గింజలు ట్రేలో పోసి, దుమ్ము దులిపి మళ్లీ నింపాడు. వచ్చే గాలిలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచే అనలైజర్ పెడితే 38 శాతం. గోలీ చెప్పేది ఎంత గాలి వస్తోందనే, అందులో ఆక్సిజన్ ఎంతుందో దానికి తెలియదు. ఆక్సిజన్ శాతం పడిపోయిందని చెప్పేది ఆ బీప్, దాని వైరే పీకేశాడు. పైగా ఫిట్టింగులకు కుట్టు మిషన్ నూనె రాశాడు. ఆక్సిజన్ ఎక్కువగా ఉండే చోట నూనె, గ్రీజు తగిలితే మంటలు అంటుకునే ప్రమాదం ఉంది.

ఆ మెకానిక్ చేతి పని రానివాడు కాదు, కూలర్లు, ఇన్వర్టర్లు చక్కగా బాగుచేస్తాడట. కానీ ఈ మిషన్ గురించి ఎవరూ నేర్పలేదు, తెలియదని ఒప్పుకోకుండా విప్పాడు. నాకు అక్కడే కోపం వస్తుంది.

అందుకే చెప్తున్నా, కొనేటప్పుడైనా రిపేరు తర్వాతైనా మిషన్ ఓ పావుగంట నడిపించి, మీ కళ్ల ముందే అనలైజర్ పెట్టించండి. 2 మీదా చూడండి, 5 మీదా చూడండి, ఎందుకంటే గింజలు బలహీనపడిన మిషన్ 2 మీద బాగానే చూపించి 5కి పెంచగానే పడిపోవచ్చు. ఎన్ని గంటలు నడిచిందో చాలా మిషన్లలో మీటర్ ఉంటుంది, అడగండి. విప్పే మనిషిని ఆ కంపెనీ మిషన్ల మీద ట్రైనింగ్ ఎక్కడ తీసుకున్నావని మొహమాటం లేకుండా అడగండి, అనలైజర్ లేదంటే మిషన్ వెనక్కి తెచ్చుకోండి. బిల్లు తప్పకుండా తీసుకోండి, మేం తీసుకోలేదు, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసినప్పుడు మొదట అడిగింది అదే.

బాపు ఇప్పుడు అద్దె మిషన్ మీద ఉన్నాడు, నెలనెలా వాళ్లే వచ్చి శాతం చూసి రాసిస్తున్నారు. పాతది మెట్ల కింద ఉంది. పరకాల నుంచి ఒకాయన, వాళ్లమ్మ కోసమట, ఎంతకైనా ఇవ్వమని రెండుసార్లు ఫోన్ చేశాడు. ఇవ్వనని చెప్పి, అద్దెకిచ్చే వాళ్ల నంబర్ పంపాను.