ట్యూడర్ రాజుల పెళ్లిళ్ల వెంట: ఏది చూడాలి, ఏది వదిలేయొచ్చు

ట్యూడర్ వంశపు ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ ఆరు పెళ్లిళ్లు చేసుకున్నాడని అందరికీ తెలిసిందే. ఆ రాణుల గతేమైంది, గద్దె ఎవరికి దక్కింది అన్న వరుసలో చూస్తూ వెళితే లండన్ యాత్ర రుచే వేరు. మా ఆవిడా నేనూ అలాగే తిరిగాం.

బస ఈస్ట్ హామ్‌లో పెట్టుకున్నాం. డిస్ట్రిక్ట్ లైన్ మెట్రో ఎక్కితే టవర్ హిల్, వెస్ట్‌మినిస్టర్ రెండింటికీ రైలు మారక్కర్లేదు. సాయంత్రం తిరిగొస్తే ఇడ్లీ, దోసె దొరుకుతాయి. గదే అంతంతమాత్రం. ఫోటోలో మురిపించిన కిటికీ తెరిస్తే ఎదురుగా పక్కింటి గోడ! పొద్దున కాస్త ఆలస్యమైతే వేడినీళ్లుండవు. సెంట్రల్ లండన్ రేట్లు చూశాక సర్దుకుపోయాం.

డబ్బుకు తగ్గ చోటు హాంప్టన్ కోర్ట్. వాటర్లూ నుంచి రైలు, దిగి వంతెన దాటితే ప్యాలెస్. 1537 అక్టోబర్ 12న హెన్రీ ఎదురుచూసిన కొడుకు ఎడ్వర్డ్ ఇక్కడే పుట్టాడు. పన్నెండు రోజులకే తల్లి, హెన్రీ మూడో భార్య జేన్ సీమోర్ ఇక్కడే చనిపోయింది. అంతకు ముందు ఏడాది రెండో భార్య ఆన్ బొలీన్‌కి మరణశిక్ష అమలు చేశాక ఆమె పేరు మొదటి అక్షరాలన్నీ ఉలితో చెక్కి తీసేయమన్నారు. గ్రేట్ హాల్లోని చెక్క తెరలో మాత్రం హెన్రీ హెచ్, ఆన్ ఏ అల్లుకుని ఉన్న చోటొకటి పనివాళ్ల కంట పడలేదు. మెడ నొప్పెట్టినా వెతికి చూడండి. వంటశాలలకు తీరిగ్గా గంట పెట్టుకోవాలి. కెఫే ధరలు మండిపోతాయి, పులిహోర పట్టుకెళ్లడం తెలివైన పని.

టవర్ ఆఫ్ లండన్‌లో జనం మరీ ఎక్కువ. అందరూ కిరీటాల క్యూలో నిలబడతారు, మీరు నేరుగా బోషాంప్ టవర్‌కి వెళ్లండి. ఖైదీలు గోడల మీద చెక్కిన రాతలున్నాయక్కడ. వాటిలో ‘జేన్’ అన్న పేరూ ఉంది. హెన్రీ తర్వాత రాజైన ఎడ్వర్డ్ చనిపోతూ అక్కలు మేరీ, ఎలిజబెత్‌లిద్దరినీ పక్కన పెట్టి బంధువు జేన్ గ్రేని వారసురాలిని చేశాడు. 1553 జూలై 10న రాణిగా ప్రకటించారు, 19కల్లా గద్దె మేరీకి పోయింది. తర్వాత తల నరికించుకున్న ఆమె, ఆన్ బొలీన్, ఐదో భార్య కేథరిన్ హోవర్డ్ ముగ్గురి సమాధులూ లోపలి చిన్న చాపెల్లోనే ఉన్నాయి.

నాకు బాగా నచ్చింది పీటర్‌బరో. కింగ్స్ క్రాస్ నుంచి గంటలోపే. కెథీడ్రల్‌కి టికెట్ లేదు, తోచింది హుండీలో వేయొచ్చు. మొదటి భార్య కేథరిన్‌ని 1536 జనవరిలో ఇక్కడే పాతిపెట్టారు, అదీ రాణిగా కాదు, హెన్రీ అన్న ఆర్థర్ వితంతువుగా! ఇప్పుడు పైన బంగారు అక్షరాల్లో ‘ఇంగ్లండ్ రాణి’ అని ఉంది. కింద ఎవరో పెట్టిన దానిమ్మపండు. అది ఆమె గుర్తు. అవతలి పక్క స్కాట్లండ్ రాణి మేరీని మొదట పెట్టిన చోటు. కొడుకు జేమ్స్ ఇంగ్లండ్‌కి రాజయ్యాక 1612లో తల్లిని వెస్ట్‌మినిస్టర్ ఆబీకి తరలించాడు. ఈ మేరీ హెన్రీ అక్క మార్గరెట్‌కి మనవరాలు. మార్గరెట్‌ని 1503లో స్కాట్లండ్ రాజుకిచ్చి చేసిన పెళ్లి, ఎలిజబెత్ పిల్లల్లేకుండా పోయాక, వందేళ్లకి జేమ్స్‌కి అలా గద్దె తెచ్చిపెట్టింది.

ఆబీ టికెట్ ఖరీదెక్కువే, అయినా వెళ్లాల్సిందే. హెన్రీ కూతుళ్లు మొదటి మేరీ, ఎలిజబెత్ ఒకే సమాధిలో ఉన్నారు, పైన పాలరాతి బొమ్మ మాత్రం ఎలిజబెత్‌దొక్కటే. కట్టించింది జేమ్స్. గద్దె ఇచ్చినావిడకి బొమ్మ, ఆమె అక్కకి కింద లాటిన్‌లో ఒక వాక్యం. ఎదుటి పక్క సొంత తల్లికి ఇంకా ఘనంగా కట్టించుకున్నాడు, అది వేరే సంగతి.

ఇక విండ్సర్. అక్కడి కోట చాపెల్లో హెన్రీ, జేన్ సీమోర్ సమాధులు పక్కపక్కనే ఉన్నాయి గానీ కనిపించేది నేలలో ఒక నల్లరాయి పలకే. ఈ కథ కోసమే అయితే ఆ టికెట్ డబ్బులు దండగ. కోట కోసం వెళ్లేవాళ్లు ఆదివారం మానుకోండి, ఆ రోజు ప్రార్థనలకు తప్ప చాపెల్లోకి రానివ్వరు.