జేబీ-జాజ్ పికప్ సెట్: ఒక్క గిటార్‌తోనే అన్నీ వాయించాలనుకునేవాళ్ళ కోసం

ఒకటే గిటార్ ఉంది, దాంతోనే క్లీన్‌లో ఫంక్ వాయించాలి, బ్లూస్ లీడ్ పలకాలి, అవసరమైతే హెవీ రిఫ్ కూడా గట్టిగా కొట్టాలి అనుకునేవాళ్ళలో చాలామంది చివరికి వచ్చి ఆగేది పికప్స్ (తీగ కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగాలు) చేసే సీమోర్ డంకన్ వాళ్ళ జేబీ, జాజ్ జోడీ దగ్గరే. బ్రిడ్జ్‌లో, అంటే తీగలు బాడీ మీద ఆనే చోట, జేబీ, నెక్‌లో జాజ్. నా గిటార్‌లో ఉన్నది ఈ సెట్టే, ఇంట్లో ప్రాక్టీసైనా బ్యాండ్‌తో వాయించినా దీంతోనే. అందరూ జేబీ గురించే మాట్లాడతారు గానీ నన్నడిగితే ఈ సెట్‌కి ప్రాణం జాజే.

ఎందుకంటే ఇవి రెండూ హమ్‌బకర్లు, అంటే రెండు కాయిల్స్ ఉన్న పికప్‌లు, వీటితో అసలు తలనొప్పి నెక్ దగ్గరే ఉంటుంది. తీగ అక్కడ బాగా ఊగుతుంది కాబట్టి బేస్ ఎలాగూ ఎక్కువ, దానికి తోడు పవర్ ఎక్కువున్న పికప్ పెట్టారంటే లావు తీగలు బొంగురుపోయి కార్డ్ అంతా ముద్దయిపోతుంది. జాజ్ అలా కాదు, ఔట్‌పుట్ తక్కువ, పైన క్లారిటీ బాగుంటుంది. కొంచెం డ్రైవ్ (క్లీన్‌గా కాకుండా సౌండ్‌ని కరుకెక్కించడం) పెట్టి ఓపెన్ ఈ కార్డ్ మెల్లగా ఒక్కో తీగా మీటుతూ వదలండి, ఆరు తీగలూ విడివిడిగా వినిపిస్తాయి, ఆరో తీగ మిగతావాటిని మింగెయ్యదు. టోన్ కాస్త తగ్గిస్తే పేరుకి తగ్గట్టే మెత్తటి జాజ్ సౌండ్, ఫుల్‌గా తెరిస్తే బ్లూస్ లీడ్, వాల్యూమ్ నాబ్ సగానికి దించితే దాదాపు క్లీన్. పెడల్ తొక్కకుండానే ఇన్ని వస్తాయి, స్టేజ్ మీద అది ఎంత సుఖమో వాయించేవాళ్ళకే తెలుస్తుంది.

ఇక జేబీ. దీని డీసీ రెసిస్టెన్స్ (కాయిల్ తీగ కరెంటుకి ఇచ్చే అడ్డు) 16 కిలో ఓమ్స్ పైనే, జాజ్‌ది నెక్ పికప్‌కి 7.5 దగ్గర్లో ఉంటుంది, రెండిట్లోనూ ఆల్నికో 5 మాగ్నెట్. ఆ నంబర్లు చూసి జేబీకి రెట్టింపు పవర్ అనుకోవద్దు, కాయిల్‌కి సన్నటి తీగ చుట్టినా రెసిస్టెన్స్ పెరుగుతుంది, మాగ్నెట్ ఏంటి, ఎన్ని చుట్లు, తీగ మందం ఎంత ఇవన్నీ కలిసి సౌండ్‌ని తేలుస్తాయి, మీటర్‌లో కనిపించే ఒక్క నంబర్ చూసి పికప్ కొనకండి ప్లీజ్. గెయిన్‌లో, అంటే డ్రైవ్ బాగా పెంచినప్పుడు, మాత్రం జేబీ అదిరిపోతుంది, మిడ్స్ ముందుకొస్తాయి, పించ్ హార్మోనిక్స్ (పిక్‌తో పాటు బొటనవేలు తగిలించి రాబట్టే కీచు స్వరాలు) చిన్నగా తగిలించినా పలికేస్తాయి, డ్రమ్స్ బేస్ రెండూ మోగుతున్నా లీడ్ పైకి తేలుతుంది. క్లీన్‌లో అంత కాదు, అసలే బ్రైట్‌గా ఉండే గిటార్, బ్రైట్ యాంప్ అయితే పై మిడ్స్ చెవిలో గుచ్చుకుంటాయి. దీనికి చాలామంది చేసేది ఏంటంటే హమ్‌బకర్‌కి మామూలుగా వాడే 500కే పాట్ (నాబ్ కింద ఉండే కంట్రోల్, 500 కిలో ఓమ్స్‌ది) తీసేసి సింగిల్ కాయిల్స్‌కి, అంటే ఒకే కాయిల్ ఉన్న పికప్‌లకి, వాడే 250కే పాట్ వేయించడం, పైన పదును తగ్గి నిజంగానే మెత్తబడుతుంది.

కాయిల్ స్ప్లిట్, అంటే హమ్‌బకర్‌లో ఒక కాయిల్ ఆపేయడం, దగ్గర కాస్త ఆగాలి. హమ్‌బకర్ అంటేనే హమ్‌ని పోగొట్టడానికి పుట్టింది, గిబ్సన్‌లో సెత్ లవర్ 1955లో చేసిన డిజైన్‌లో రెండు కాయిల్స్‌నీ, వాటి మాగ్నెట్ పోల్స్‌నీ ఒకదానికొకటి రివర్స్‌లో పెట్టడంతో కరెంటు లైన్ల నుంచి వచ్చే ఆ 50, 60 హెర్ట్జ్ మోత కొట్టుకుపోయి తీగ సౌండ్ మాత్రం కలుస్తుంది. పైకి లాగితే స్విచ్‌లా పనిచేసే పుష్-పుల్ పాట్ లాగి ఒక కాయిల్ ఆపేశారంటే సింగిల్ కాయిల్‌కి దగ్గర సౌండ్ వస్తుంది గానీ హమ్ కూడా వెనక్కొస్తుంది, వాల్యూమ్ కూడా కొంచెం పడిపోతుంది. అది స్ట్రాట్ (సింగిల్ కాయిల్స్ ఉండే ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటార్) సౌండ్ అని ఎవరైనా చెప్తే నమ్మకండి, దగ్గర్లో ఉంటుంది అంతే. నాకైతే ఇది ఎక్కువగా పనికొచ్చేది పికప్ సెలెక్టర్ స్విచ్ మధ్యలో పెట్టి రెండూ స్ప్లిట్ చేసినప్పుడు, ఫంక్ కార్డ్స్ చక్కగా తెగుతూ పలుకుతాయి, పైగా మిగిలిన రెండు కాయిల్స్ ఒకదానికొకటి రివర్స్ అయ్యేలా వైరింగ్ చేయించుకుంటే ఆ పొజిషన్‌లో హమ్ కూడా ఉండదు. హమ్ అస్సలు వద్దనుకునేవాళ్ళు స్ప్లిట్ బదులు ప్యారలల్ వైరింగ్ చేయించుకోండి, రెండు కాయిల్సూ ఆన్‌లోనే ఉండి సౌండ్ పలచబడుతుంది, క్లీన్‌కి ఇది చాలా బాగుంటుంది, ఎందుకో దీని గురించి ఎవరూ పెద్దగా చెప్పరు.

పికప్స్ వేయించాక హైట్ సెట్ చేసుకోకుండా అభిప్రాయానికి రావద్దు. జేబీని తీగలకి మరీ దగ్గరగా లేపితే అటాక్ అంతా నొక్కేసినట్టు ఉంటుంది, స్క్రూ కొద్దికొద్దిగా తిప్పుతూ దించితే ఒకచోట గాలి ఆడినట్టు విచ్చుకుంటుంది, రెండు పికప్‌ల లెవెల్ కూడా అక్కడే సరిచేసుకోవాలి.

అందరికీ ఇదే అనను. మీరు వాయించేదాంట్లో ఎక్కువ భాగం స్ట్రాట్ సెలెక్టర్ రెండు, నాలుగు పొజిషన్ల (పక్కపక్క పికప్‌లు రెండు కలిసి పలికేవి) సౌండే అయితే బ్రిడ్జ్‌లో హమ్‌బకర్, మిగతా రెండూ నిజమైన సింగిల్ కాయిల్స్ ఉన్న హెచ్ఎస్ఎస్ తీసుకోండి, ఏ స్ప్లిట్టూ దానికి సాటి రాదు. పూర్తిగా మెటలే అంటే 9 వోల్ట్ బ్యాటరీతో నడిచే ఈఎంజీ 81 లాంటి యాక్టివ్ పికప్స్ వైపు వెళ్ళండి. ఈ రెండిటికీ మధ్యలో ఉండి అన్నీ తలా కొంచెం వాయించేవాళ్ళకి మాత్రం నేను కళ్ళు మూసుకుని చెప్పే సెట్ ఇదే.

ఆర్డర్ పెట్టేముందు బ్రిడ్జ్ దగ్గర తీగల మధ్య దూరం కొలవండి, ట్రెమొలో (చేత్తో ఊపితే స్వరం వంగే కడ్డీ ఉన్న బ్రిడ్జ్) ఉన్న గిటార్లకి చాలావరకు వెడల్పు ఎక్కువుండే ట్రెంబకర్ వెర్షన్ కావాలి, జేబీలో దాన్ని టీబీ-4 అంటారు, మామూలుది ఎస్‌హెచ్-4. వైర్ల రంగులు కూడా కంపెనీకో రకం, డంకన్‌లో నలుపు హాట్ (సిగ్నల్ వెళ్ళే వైరు), ఆకుపచ్చ గ్రౌండ్, ఎరుపు తెలుపు కలిపి అతకాలి, అదే డిమార్జియో అనే ఇంకో కంపెనీ పికప్ అయితే ఎరుపు హాట్, నలుపు తెలుపు కలపాలి, కాబట్టి పాత పికప్ వేరే కంపెనీదైతే దాని రంగులు చూసి సోల్డరింగ్ చేయనివ్వకండి.